రబ్బరు మీద మాస్టారి బొమ్మ

కూర్చో అమ్మా, కూర్చో. ఆ కుర్చీ కాదు, దానికి ఒక కాలు పొట్టి, ఇది లాక్కో. ఏంటీ, సంచీ నాకేనా? చూద్దాం... పెన్సిలు, స్కేలు, ఇదేంటి, రబ్బరా? ఉండు, కళ్ళజోడు పెట్టుకోనీ. ఈ ముఖం... ఓరి భగవంతుడా! రబ్బరు మీద ఆయన బొమ్మ వేశారా? ఎవరమ్మా ఈ ఘనకార్యం చేసింది, మీ డైరెక్టరు గారా? నవ్వకు, నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆయన బొమ్మ వెయ్యడానికి ఇంకేం దొరకలేదా మీకు? గడియారం మీద వెయ్యొచ్చు, పలక మీద వెయ్యొచ్చు, చివరికి చీపురు కట్ట మీద వేసినా నోరు మూసుకునేవాణ్ణి. బతికినన్నాళ్ళూ పిల్లల చేతుల్లోంచి రబ్బరు లాక్కున్న మనిషిని తీసుకొచ్చి రబ్బరు మీదే అచ్చేస్తారా? రేపు మీ కోచింగ్ సెంటర్లో ఆయన సంస్మరణ సభ అయిపోగానే మీ మూడొందల మంది పిల్లలూ ఆయన ముక్కుతో మొదలుపెట్టి తప్పులు తుడుచుకుంటూ పోతారు, నెల తిరిగేసరికి గడ్డం కూడా మిగలదు. అమ్మాయ్, కాస్త మంచినీళ్ళు పట్రా! మా కోడలమ్మా, నా గొంతు లేస్తే చాలు గుమ్మంలోకి వచ్చేస్తుంది. ఆ, అరుస్తున్నా, అరవనీ. బీపీ నాది, దాని సంగతి నేను చూసుకుంటా. నువ్వూ కూర్చో ఇక్కడ, వినేవాళ్ళు ఇద్దరుంటే నాకు మాట బాగా వస్తుంది.

రాసుకుంటావా? రాసుకో. పెన్ను పడట్లేదా? మరి తెచ్చావుగా పెన్సిలు, దాంతో రాయి. సభలో పంచే పుస్తకంలో వేస్తానన్నావు కాబట్టి ఉన్నదున్నట్టు రాయాలి, ముందే చెప్తున్నా. ఎందుకు మాస్టారు అనేవాళ్ళం ఆయన్ని. లెక్కలు చెప్పేవాడు. నేను ఆ స్కూల్లో అటెండర్ని, ముప్పై ఒక్క ఏళ్ళు గంట కొట్టాను. ఆయనకి నోరు తెరిస్తే ఒకటే మాట, ఎందుకు. పిల్లవాడు లేచి జవాబు పన్నెండు సార్ అంటే ఎందుకు అనేవాడు. తప్పు చెప్పినా ఎందుకే, ఒప్పు చెప్పినా ఎందుకే. నేను టీ పట్టుకెళ్ళి చల్లారిపోతోంది సార్ అంటే, ఎందుకు చల్లారుతుందయ్యా అనేవాడు. ఏం చెప్తాం? మీరు తాగట్లేదు కాబట్టి సార్ అన్నా ఒకసారి. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది. అదేదో గ్లాసు పగిలినట్టు నవ్వేవాడు. ఆయన క్లాసు గుమ్మం దగ్గర ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది. లోపలికి వచ్చే ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ జేబులోంచి రబ్బరు తీసి అందులో వేసి రావాలి. తప్పు రాస్తే తుడవకూడదు. దాని మీద ఒక్క గీత, అడ్డంగా, సన్నగా, ఇలా... అబ్బా, చెయ్యెత్తితే చంకలో పట్టేస్తుంది ఈ చొక్కా, దిక్కుమాలిన కుట్టు. చూడు, చూడు, మా కోడలు ఎలా చూస్తోందో. వీధి చివర అంత మంచి టైలరమ్మ ఉంటే పనిగట్టుకుని బస్సెక్కి వెళ్ళి ఎవడి చేతో పాడుచేయించుకుంటారు మావయ్యా అని రోజూ దెప్పుతుంది. నా చొక్కా నా ఇష్టం, నువ్వూరుకో. ఏం చెప్తున్నా? ఆ, గీత. కిందున్న తప్పు కనపడేట్టు గీయాలి. ఏరా, నువ్వు ఏ దారిన వెళ్ళి ఎక్కడ బోర్లా పడ్డావో నాకు తెలియకపోతే నీకు నేనేం చెప్తానురా అనేవాడు. సోమవారం ఒక్క లెక్క ఇచ్చేవాడు. ఒక్కటంటే ఒక్కటే. శుక్రవారం దాకా జవాబు అడిగేవాడు కాదు. మధ్యలో ఎవరైనా వచ్చింది సార్ అంటే, అప్పుడేనా, ఇంకా ఆలోచించు, శుక్రవారం చెప్పు. మీ దగ్గర రోజుకి ఎన్ని చేయిస్తారు? నూట యాభయ్యా! అది చదువా తల్లీ, పిండిమర!

కోప్పడుతున్నానని ఏమీ అనుకోకు, నువ్వు చిన్నపిల్లవి, ఉద్యోగానికి వచ్చావు. అసలు సంగతి విను. ఒక ఏడాది ప్రభుత్వం వాళ్ళు లెక్కల్లో చురుకైన పిల్లల కోసం ఒక ప్రత్యేకమైన బడి పెట్టారు. స్కూలుకి ఒక్కరే. తిండీ, ఉండడమూ, పుస్తకాలూ, పెద్ద చదువు దాకా అంతా వాళ్ళే. ఎవర్ని పంపాలో తేల్చడానికి మాస్టారు ఒక పరీక్ష పెట్టాడు. ఒకటే లెక్క. నాకే అర్థమయింది, నీకు అర్థం కాకపోతుందా? ఒక గదిలో ఇరవై ఐదు కుర్చీలు, ఐదు వరసల్లో ఐదేసి. అన్నింట్లోనూ పిల్లలు కూర్చుని ఉన్నారు. గంట కొట్టగానే ప్రతివాడూ లేచి ఆనుకుని ఉన్న కుర్చీలోకి మారాలి, ముందుకో వెనక్కో కుడికో ఎడమకో. ఐమూలగా వెళ్ళకూడదు. అందరికీ కుర్చీ దొరుకుతుందా? దొరికితే ఎలా, దొరక్కపోతే ఎందుకు? గంట అనేసరికి నేను ఛాతీ విరిచాను, మన పేరు లెక్కలోకి ఎక్కిందని. గంటన్నర టైము. అందరూ బాణాలు గీసి గీసి చచ్చారు. చివరికి సరిగ్గా చేసింది ఇద్దరు. ఒకటి టైలరు కూతురు, పన్నెండేళ్ళది, రెండు జడలు, మోచేతి మీద ఎప్పుడూ సుద్ద మరకలు. రెండోవాడు మా స్కూలు నడిపే కరస్పాండెంటు గారి మేనల్లుడు. అవును, మీ డైరెక్టరు గారే. ఏం, ఆగిపోయావేం? రాయి.

ఆ పిల్ల కాగితం నేను చూశాను. పదకొండు బొమ్మలు గీసింది, పదకొండింట్లోనూ బాణాలు. ప్రతి బొమ్మలోనూ ఒకడు కుర్చీ లేకుండా మిగిలిపోయాడు. ఒక్కోదాని మీద ఒక్క గీత. పన్నెండో బొమ్మకి వచ్చేసరికి బాణాలు మానేసింది. వాళ్ళ నాన్న దగ్గర గళ్ళ గుడ్డ చూస్తూ పెరిగిన పిల్ల కదా, కుర్చీలకి గళ్ళ గుడ్డలాగా రంగులేసింది, ఒకటి నల్లది, ఒకటి తెల్లది. నల్లవి పదమూడు వచ్చాయి, తెల్లవి పన్నెండు. నల్ల కుర్చీలో ఉన్నవాడు ఎటు జరిగినా తెల్లదాన్లోనే పడాలి కదా! పదమూడు మందికి పన్నెండు కుర్చీలు ఎలా సరిపోతాయి సార్, అని కింద రాసింది. జవాబులో సార్ అని రాసింది పిచ్చితల్లి. మాస్టారు ఆ కాగితం పట్టుకుని వరండా పొడుగునా నడిచాడు, దేవుడు కనపడినవాడిలాగా. నేను రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకునేవాణ్ణే, కానీ ఎవరి ముఖంలోనూ అలాంటి వెలుగు చూడలేదు. మేనల్లుడి కాగితంలో కూడా అదే ఉంది, నలుపూ తెలుపూ, పదమూడూ పన్నెండూ. కాకపోతే ఒక్క గీత లేదు, ఒక్క బాణం లేదు, శుభలేఖలాగా ఉంది. వాడు కూర్చున్నది ఆ పిల్ల వెనక బెంచీలో.

ఇక చూడు. కరస్పాండెంటు పిలిపించాడు. ఆయన మాట ఎలా ఉండేదంటే, నోట్లో తేనె పెట్టుకుని మాట్లాడేవాడు, మింగేవాడు కాదు. "మాస్టారూ, ఇద్దరిదీ ఒకటే జవాబంటే ఒకరు కాపీ కొట్టినట్టేగా? పాపం ఆడపిల్ల, అల్లరి చెయ్యొద్దు, ఊరికే పేరు తీసేద్దాం." గుమ్మం బయట స్టూలు మీద కూర్చుని నేను విన్నా. మాస్టారు గొంతు ఎప్పుడూ లేవదు, ఆ రోజు లేచింది. "ఎందుకు? ఆ అమ్మాయే కాపీ కొట్టిందని ఎందుకు అనుకుంటున్నారు? జవాబు కాపీ కొట్టేవాడు ముందు పదకొండు తప్పులు చేసి కొడతాడా? మీవాడి తప్పులు చూపించండి. ఒక్క తప్పు చూపించండి, చాలు, నేనే సంతకం పెట్టి పంపుతా." ఆహా! ఆ మాట రాసుకో, పెద్ద అక్షరాల్లో రాసుకో. సరే, సోమవారం పైనుంచి పెద్దవాళ్ళు వస్తారు, రెండు కాగితాలూ వాళ్ళ ముందు పెడదాం అన్నాడు మాస్టారు. కాగితాలు తన బీరువాలో పెట్టి తాళం వేశాడు. శుక్రవారం సాయంత్రం అది. సోమవారం పొద్దున్న వచ్చి బీరువా తీస్తే ఏముంది, ఖాళీ. పెరట్లో బూడిద. గదికి సున్నం వేయించాలి, పాత కాగితాలు అడ్డమొచ్చాయట! కరస్పాండెంటు తగలబెట్టేశాడు. రాశావా? కరస్పాండెంటు తగలబెట్టేశాడు. మేనల్లుడి కాగితం మాత్రం ఆఫీసు గదిలో భద్రంగా ఉంది. వచ్చినవాళ్ళు అది చూశారు, వాడి వీపు తట్టారు, వెళ్ళిపోయారు. ఆ పిల్ల మళ్ళీ స్కూలుకి రాలేదు. దొంగ అన్న పేరు పడ్డాక ఏ ముఖం పెట్టుకుని వస్తుంది? వాళ్ళ నాన్న కుట్టుమిషను పక్కనే ఇంకో మిషను వేశాడు.

మాస్టారు ఆ నెలే రాజీనామా రాశాడు. ఆ తర్వాత పోయేవరకూ, పదిహేడేళ్ళు, ప్రతి సోమవారం ఆ టైలరు కొట్టుకి వెళ్ళేవాడు. కాజాలు కుట్టే స్టూలు మీద కూర్చుని ఆ పిల్లకి ఒక లెక్క ఇచ్చేవాడు. శుక్రవారం వెళ్ళి ఎందుకు అనేవాడు. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, లెక్క మాత్రం ఆగలేదు. ఆమె కత్తిరిస్తే గుడ్డలో గుప్పెడు ముక్క వృథా పోదంటారు. మీ సభకి పిలిచారా ఆమెని? పిలవలేదు. నాకు తెలుసు. స్టేజీ మీద కూర్చోబెట్టడానికి అటెండరు కావాల్సి వచ్చాడు, ఆయన శిష్యురాలు అక్కర్లేకపోయింది! ఎక్కడుంటుందా? వీధి చివర. ఆ, ఆమే. మా కోడలు చెప్పే టైలరమ్మ.

ఏంటమ్మా, మీరిద్దరూ అలా చూస్తారేం? బీరువా తాళం ఎవరి దగ్గరుంది అంటావా? తాళాలు రెండు. ఒకటి మాస్టారి దగ్గర. రెండోది... స్కూల్లో అన్ని గదుల తాళాలూ ఎవరి దగ్గరుంటాయి? మీ డైరెక్టరు గార్ని తిట్టాను గానీ, అప్పటికి వాడికి పదమూడేళ్ళు, మావయ్య నోరు మూసుకోమంటే మూసుకున్నాడు. నాకు ముప్పై ఎనిమిది. పాత కాగితాలు తీసెయ్యవయ్యా అన్నాడు కరస్పాండెంటు, అంతే, ఫలానా కాగితం అనలేదు. అనక్కర్లేదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. మేనల్లుడిది విడిగా తీసి ఆఫీసు గదిలో పెట్టాను. కట్టకి అన్నిటికన్నా పైన ఉంది ఆ పిల్లది. బాణాలు. గళ్ళు. చదివాను కూడా. పదమూడు మందికి పన్నెండు కుర్చీలు ఎలా సరిపోతాయి సార్. చదివే మంటలో వేశాను. అగ్గిపుల్ల నాదే. సోమవారం మాస్టారు పెరట్లోకి వచ్చాడు, బూడిద చూశాడు, నన్ను చూశాడు. ఊళ్ళో అందర్నీ అడిగిన మనిషి, చల్లారిన టీని కూడా వదలని మనిషి, నన్ను మాత్రం అడగలేదమ్మా. ఎందుకు అని ఒక్క మాట అడగలేదు. అడిగుంటే పైవాడు చెప్పాడు కాబట్టి సార్ అనేవాణ్ణి. అది జవాబు కాదయ్యా, ఇంకా ఆలోచించు, శుక్రవారం చెప్పు అనేవాడు. ఎన్ని శుక్రవారాలు వెళ్ళిపోయాయి! రోజూ పొద్దున్నే దేవుడి ముందు కూర్చుంటా, మోకాలి నొప్పి దగ్గర్నుంచి అన్నీ చెప్పుకుంటా, ఇది ఒక్కటీ చెప్పను. ఆయనకి తెలుసులే అని.

ఆ పైన తగలబెట్టింది కరస్పాండెంటు అని రాశావు కదా, అది తప్పు. మార్చు. ఏం చేస్తున్నావ్? ఆగు! ఆ రబ్బరు కింద పెట్టు. పెట్టు ముందు. ఒక్క గీత గీయి దాని మీద, సన్నగా, అడ్డంగా. కింద ఏముందో కనపడాలి. ఆ... అలా. ఇప్పుడు పక్కన రాయి, అటెండరు అని. 

ఎండ కళ్ళలో పడుతోంది, అమ్మాయ్, ఆ తలుపు కాస్త దగ్గరికి వెయ్యి.