వాసన చూసినవారు

1993 జూన్ 14, సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు మన ఆయుర్వేద చికిత్సా పరిశోధన కేంద్రంలోని ఔషధశాలలో సహాయకురాలిగా చేరిన మనందరి అక్కగారు, ఈ నెలాఖరున అదే ఔషధశాలకు అధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. వారి ముప్పై రెండేళ్ల సేవను ఒక వ్యాసంలో పొందుపరచమని సన్మాన సంచిక సంపాదకవర్గం నన్ను కోరింది. పరిశోధన విభాగాధిపతిగా పక్క గదిలో పాతికేళ్లు గడిపినవాణ్ణి కనుక నేనే తగినవాణ్ణని వారు తలచి ఉంటారు. తగనివాణ్ణని చెప్పడానికి నాకు రెండేళ్లుగా నోరు పెగల్లేదు. ఇప్పుడు చెబుతాను. అయితే ఇలాంటి వ్యాసానికి ఒక పద్ధతి ఉంది కాబట్టి మొదటినుంచి వరుసగా చెబుతాను.

ఆమె చేరేనాటికి ఈ కేంద్రానికి ఉన్న ఆస్తి రెండు గదులు, ఒక వసారా, నాలుగు రాగి గుండిగలు. ముందు హాలు గోడమీద వ్యవస్థాపకులు రాయించిన మూడు వాక్యాలు మాత్రం అప్పటికే ఉన్నాయి. జబ్బుకు కాదు, మనిషికి వైద్యం చేస్తాం. తిండి, నిద్ర, మనసు అడిగి తెలుసుకున్నాకే మందు ఇస్తాం. పనిచేయని మందును పనిచేయలేదనే చెబుతాం. మొదటి రెండూ సందర్శకులకు చదివి వినిపించడానికి ఇంపుగా ఉంటాయి. మూడోది మనకే గుచ్చుకుంటుంది. గోడకు సున్నం వేసిన ప్రతిసారీ ఆ మూడు వాక్యాలను తిరిగి రాయించే పనిని ఎవరూ అప్పగించకుండానే ఆమె నెత్తిన వేసుకున్నారు.

అప్పటి ఔషధశాల అధిపతిని అందరూ పెద్దాయన అనేవారు. మాట కటువు, చేతిలో ఎప్పుడూ పొడుం డబ్బా. చేరిన రెండో నెలలోనే అక్కగారు ఒక వేర్ల బస్తాను గుమ్మంలోనే ఆపి, "ఇది తడిసి ఆరింది, వద్దు," అన్నారట. చూపుకు బస్తా నిక్షేపంగా ఉంది. పెద్దాయనకు ఒళ్లు మండి, ఆమె కళ్లకు గంతలు కట్టించి, ఏడు పళ్లాల్లో ఏడు రకాల వేర్లు పెట్టించారు. ఆమె ఏడూ చెప్పి, మరోసారి గాలి పీల్చి, "ఎనిమిదోది మీ చొక్కా జేబులో ఉందండీ. డబ్బా మూత సరిగా పట్టలేదు," అన్నారు. పెద్దాయన ఆ బస్తా వెనక్కి పంపారు. ఆ రోజునుంచి ఆమె మనందరికీ ముక్కు మేడమ్.

1999లో కషాయ విభాగం బాధ్యతలు స్వీకరించిన ఏడాదే ఆమె సాక్షి సీసాల పద్ధతిని ప్రవేశపెట్టారు. తయారైన ప్రతి విడతలోంచి రెండు గుప్పెళ్ల పొడి తీసి, సీసాలో పోసి, మూత బిగించి, ఒక చీటీ అంటించాలి. ఆ చీటీలో తేదీ, తూకం, దంచినవారు, జల్లించినవారు అన్న గడుల తర్వాత చివరి గడి "వాసన చూసినవారు". పేరుకు చిన్న గడే గాని అక్కడ సంతకం పడనిదే గుప్పెడు పొడి కూడా గుమ్మం దాటకూడదు. 2008లో పెద్దాయన విరమించాక ఔషధశాల మొత్తం ఆమె చేతికి వచ్చింది. గోడ పొడవునా ఉన్న అల్మరాల్లో ఈనాటికీ వేలాది సీసాలున్నాయి. 2023 వరకు వాటిలో నూటికి తొంభై సీసాల మీద చివరి గడిలో ఉన్నది ఒకే సంతకం.

ఇక 2023 సంగతి. మోకాళ్ల నొప్పులకు మనం ఇచ్చే కషాయం మీద నా పరిశోధన నాలుగో ఏడు నడుస్తోంది. మిగిలింది ఎనిమిది వారాలు, ఒకే ఒక్క విడత మందు, దాన్ని తాగాల్సిన నలభై ఒక్కమంది. అప్పుడే అక్కగారికి పెద్ద జ్వరం వచ్చింది. మూడు వారాలు సెలవు పెట్టి, తిరిగి వచ్చిన రోజు నేరుగా నా గదికి వచ్చారు.

"తలుపు వెయ్యవయ్యా," అన్నారు. వేశాను. "నాకు వాసన తెలియట్లేదు."

"జలుబు పూర్తిగా తగ్గి ఉండదు అక్కగారూ."

"జలుబు పోయి పదిరోజులైంది. పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడినా, మా ఆయన వచ్చి చెబితేగాని తెలియలేదు. ఇందాక కర్పూరం సీసాలో ముక్కు పెట్టి చూశాను. చల్లగా తగిలింది, అంతే. ఈ విడత వేరు నేను చూడలేను. పని ఆపు. బయటినుంచి తెలిసినవాళ్లను ఎవరినైనా పిలిపిద్దాం."

ఆపితే మందు తాగే వరుస తెగిపోతుంది. తెగితే పరిశోధన చెల్లదు. నాకు ఆ క్షణాన కనిపించింది అదొక్కటే.

"ముప్పై ఏళ్లుగా చూస్తున్న వేరు కదండీ. అదే వ్యాపారి, అదే సంచి. మీ కళ్లకు తెలియదా? ఇంకెంత, ఎనిమిది వారాలు. ఇప్పుడు ఆపితే నాలుగేళ్ల పని మట్టిలో కలిసినట్టే."

"కళ్లతో చూసి, వాసన గడిలో సంతకం పెట్టమంటావా?"

నేను కిటికీ వైపు చూశాను. అదే నా జవాబని ఆమెకు అర్థమైంది. వెళ్లి సంతకం పెట్టారు. ఆమె చేసిన తప్పు అదే, అది తప్పు కాదని ఆమె ఏనాడూ అనలేదు.

మూడో వారంలో, ఆ నలభై ఒక్కమందిలో ఒకావిడ వార్డు నర్సుతో మాట్లాడింది. ఆవిడది కుట్టుపని. మోకాళ్లు పట్టేసి మిషను తొక్కలేక మన దగ్గరకు వచ్చి, ఏడాదిలో తిరిగి మిషను ఎక్కిన మనిషి. "ఈసారి మందు మందులా లేదమ్మా. మన్ను కలిపిన నీళ్లలా ఉంది. తాగితే కడుపులో తిప్పుతోంది," అంది. నర్సు ఆ మాటలను ఉన్నవి ఉన్నట్టు కేసు కాగితంలో రాసింది. ఆ కాగితం ముందు నా బల్లమీదికే వచ్చింది. నేను దాని పక్కన "రుచిలో స్వల్ప భేదం సహజం" అని రాసి పక్కన పెట్టాను. ఆ అక్షరాలు ఇప్పటికీ ఆ కాగితం మీద ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు.

అదే కాగితం మిగతా కేసు కాగితాలతో పాటు మర్నాడు ఔషధశాలకు వెళ్లింది. అక్కగారు దాన్ని చదివి, నిలబడ్డపాటున ఆ విడత మందు ఇవ్వడం ఆపించారు. ఎవరి అనుమతీ అడగలేదు. అయిదు పాత సాక్షి సీసాల్లోని పొడి, కొత్త సీసాలోని పొడి విడివిడిగా మరిగించి, ఆరు గ్లాసుల్లో పోసి, గ్లాసుల అడుగున అంకెలు అంటించి, కుట్టుపని ఆవిడను పిలిపించారు. గ్లాసులు పేర్చింది నర్సు. అక్కగారు అటు తిరిగి నిలబడ్డారు. ఆవిడ ఒక్కో చెంచా చప్పరించి ఒక గ్లాసు చూపించింది. వరుస మార్చి మళ్లీ ఇచ్చారు, మళ్లీ మార్చారు. మూడుసార్లూ ఆవిడ వేలు కొత్త విడత దగ్గరే ఆగింది.

"నేను చదువుకోలేదు గాని, నా నాలుక చచ్చిపోలేదమ్మా," అందావిడ కాస్త రోషంగా.

"నా ముక్కు చచ్చిపోయిందమ్మా. అందుకే నీ నాలుకను అడిగాను," అన్నారు అక్కగారు. ఆ మాట నేను గుమ్మంలో నిలబడి విన్నాను.

కొత్త పొడిని బయటి ప్రయోగశాలకు పంపాం. ఫలితం రావడానికి మూడు రోజులన్నారు. అందులో కలిసినది ఏమిటో, ఎంత కలిసిందో, అది మనిషిని ఏం చేస్తుందో మాకెవరికీ తెలియదు. ఆ సాయంత్రానికి కుట్టుపని ఆవిడకు వాంతులు పట్టుకుని, మన వార్డులోనే చేర్చుకోవలసి వచ్చింది. సంచాలకులు మమ్మల్ని పిలిచి, "ఫలితం వచ్చేదాకా బయటికి పొక్కనివ్వకండి. మిగతావాళ్లకు మందు మార్చి ఇచ్చేద్దాం. అడిగితే కొత్త విడత అందాం," అన్నారు.

అక్కగారు గొంతు పెంచలేదు. "ముందు హాలు గోడకు సున్నం వేయించేయండి సార్. తర్వాత మీరు చెప్పినట్టే చేద్దాం."

సంచాలకులు టెలిఫోను ఆమె వైపు జరిపారు. (ఈ ఘట్టాన్ని వ్యాసంలోంచి తీసివేయవద్దని వారే నాతో అన్నారు. అది వారి పెద్దరికం.) మిగిలిన నలభైమందికీ అక్కగారే ఫోను చేశారు. ఒక్కొక్కరితో ఒకే మాట: మందు ఆపండి, తప్పు మాది, ఒంట్లో ఎలా ఉందో చెప్పండి. కొందరు తిట్టారు. ఆమె విని, వారు చెప్పిన బాధలన్నీ రాసుకున్నారు. ఫోను లేనివాళ్ల ఇళ్లకు బస్సెక్కి వెళ్లారు. మిగతా వేళల్లో వార్డులో కుట్టుపని ఆవిడ మంచం పక్కన కూర్చున్నారు. ఆ మూడు రోజులూ నేను వార్డు గుమ్మందాకా వెళ్లి వెనక్కి రావడమే తప్ప లోపల అడుగు పెట్టలేకపోయాను. ఆవిడకు ఏమైనా జరిగితే అది నా చేతి మీదుగా జరిగినట్టేనని నాకు తెలుసు.

ఫలితం వచ్చింది. మూడో వంతు, అసలు వేరుకు తోబుట్టువులా కనిపించే మరో వేరు. రంగు అదే, పీచు అదే, వాసన మాత్రం ఉండదు. విషం కాదు గాని కొందరి కడుపుకు పడదు. నాలుగో రోజున కుట్టుపని ఆవిడ లేచి కూర్చుని, ఆకలేస్తోందంది. మిగతావారిలో ఎవరికీ పెద్ద హాని జరగలేదు.

తర్వాత విచారణ. బల్లకు అటు ముగ్గురు సభ్యులు, ఇటు అక్కగారు. గోడ వారగా ఉన్న కుర్చీలో, పరిశోధన ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని నేను.

"వాసన తెలియట్లేదన్న విషయం ముందుగా ఎవరికైనా చెప్పారా?" అని సభ్యులు అడిగారు.

ఆమె నా వైపు చూడలేదు. "సంతకం నాది," అన్నారు.

"మేము అడిగింది అది కాదు."

"గడిలో ఇంకెవరి పేరూ లేదండీ. సంతకం నాది."

నేను మాట్లాడవచ్చు. తలుపు తీసే ఉంది, నోరు నాదే, కావలసినంత సమయం ఉంది. మాట వచ్చింది, నేను బయటికి రానివ్వలేదు. ఆమె సేవాపుస్తకంలో మందలింపు చేరింది. నా పరిశోధన ఎటూ రద్దయింది గాని నా పేరు మీద మచ్చ పడలేదు.

అటుపైన ఈ వసారాల్లో ఎన్ని మాటలు నడిచాయో మనందరికీ తెలుసు. ముక్కు లేని ముక్కు మేడమ్ అన్నవారున్నారు, కుర్చీ పోతుందని దాచిందన్నవారున్నారు. ఒకనాడు బస్టాపులో వారి అమ్మాయి నాతో, "మా అమ్మ ఎవరో ఒకరికి చెప్పి ఉంటే బాగుండేది అంకుల్. ఎందుకంత పంతమో," అంది. నేను, "అవునమ్మా," అన్నాను. ఆ ఒక్క మాట రెండేళ్లుగా నన్ను సరిగా నిద్రపోనివ్వలేదు.

ఆమె మాత్రం పని చేసుకుపోయారు. ఇప్పుడు ప్రతి విడతకూ ఇద్దరు వాసన చూడాలి. చూసే ముందు ఆ ఉదయమే, చీటీలు లేని అయిదు సీసాలను గుర్తుపట్టి తమ ముక్కు పనిచేస్తోందని రుజువు చేసుకోవాలి. ఆ వరుసలో మొదట నిలబడి, "నేను తప్పాను, నాకు సంతకం లేదు," అని చెప్పినవారు ఆమే. నా నివేదికను నా బల్ల పక్కన నిలబడి రాయించారు. ఈ మందు పనిచేస్తుందని తేల్చలేకపోయాం అన్న వాక్యం దగ్గర నా కలం ఆగితే, "గోడ మీద ఉన్నదే కదయ్యా, రాయి," అన్నారు. ఆ పరిశోధన ఇప్పుడు మొదటినుంచి మళ్లీ మొదలైంది. చేరినవారి పట్టికలో మొదటి పేరు కుట్టుపని ఆవిడది.

ఇంటి దగ్గర, గడియారాలు బాగుచేసే వారి భర్తగారు రోజూ పొద్దున్నే నాలుగు సీసాలు ఆమె ముక్కు దగ్గర పెట్టి, చెప్పిన జవాబులు పుస్తకంలో రాస్తున్నారు. "ముప్పై ఏళ్లు నా మేజోళ్లు కంపన్నది. మధ్యలో రెండేళ్లు హాయిగా ఉన్నాను. మొన్నటినుంచి మళ్లీ మొదలుపెట్టింది," అన్నారాయన నాతో, మహా సంతోషంగా. సగం వాసన తిరిగి వచ్చిందన్నమాట.

పోయిన వారం సంచాలకులకు లిఖితపూర్వకంగా ఒక లేఖ ఇచ్చాను. విచారణలో నేను దాచిన సంగతి అందులో రాసి, ఆ మందలింపు నా సేవాపుస్తకంలో కూడా చేర్చమని కోరాను. తర్వాత ఈ వ్యాసం చిత్తుప్రతి తీసుకుని అక్కగారి దగ్గరకు వెళ్లాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని చివరిదాకా చదివారు.

"నా సన్మానం రోజున కూడా నీ గొడవేనా?" అన్నారు. చివరి పుట మళ్లీ తిప్పి, "ఇది మా అమ్మాయి చదువుతుంది కదా," అన్నారు.

"చదవాలనే రాశానండీ."

ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. తర్వాత విచారణ గురించి రాసిన చోట వేలు పెట్టి, "నోట మాట రాలేదని రాశావేమిటి? నీకు రాకపోవడమేమిటయ్యా. సరిచెయ్యి," అన్నారు. సరిచేశాను. పైన మీరు చదివినది ఆ సరిచేసిన వాక్యమే.

అమ్మాయీ, ఆ రోజు బస్టాపులో నేను అవునన్నాను. కాదమ్మా. మీ అమ్మగారు చెప్పారు. చెప్పవలసిన సమయానికి, తలుపు వేయించి, నాకే చెప్పారు. వినిపించుకోనిది నేను.

అక్కగారికి మిగతా సగం వాసన కూడా త్వరలో దక్కాలనీ, భర్తగారి మేజోళ్లను మరో ముప్పై ఏళ్లు తిట్టే ఓపిక ఉండాలనీ, తాను ఇన్నేళ్లు ఇతరులకు పంచిన ఆరోగ్యం నిండుగా ఆమె ఇంటికే చేరి, ఆమెను చిరకాలం చల్లగా ఉంచాలనీ ఈ కేంద్రంలోని అందరి తరఫునా మనసారా కోరుకుంటున్నాను. ఇందులో రాసిన ప్రతి మాటకూ పూచీ నాదే. కింద ఉన్న సంతకం నాది.