ఓబులేసు ఎత్తుచెప్పులు

ఓబులేసని ఒకడుండె. గొర్రెలు మేపుతాడు, పనిమంతుడే, కాకపోతే మనిషి రవ్వంత పొట్టి. రవ్వంతంటే, మందలో నిలబడితే తలపాగా ఒక్కటే కనపడేదనుకో. ఏమైందంటే, వీడు సంతకి పోతే ఆడ సుంకమ్మని మిరపకాయలమ్మే పిల్ల కనపడె. ఆ పిల్ల జొన్నదంటు మాదిరి ఇంత పొడుగు. వీడు మనసు పడె. పక్కన నిలబడితే వీడి తల ఆమె భుజం కాడికే వచ్చిందంట. నేరుగా చెప్పులు కుట్టే మారెన్న దగ్గరికి పొయ్యి, అన్నా, నా చెప్పుల కింద ఇంగో అట్ట ఎయ్యి అన్నాడు. ఉన్న అట్ట అరగనే లేదు కదరా అంటే, అరిగేదాకా ఆగలేనన్నా అని నసిగినాడంట.

ఒక్కతూరే పెరిగితే జనం కనిపెడతారని సంతకొక అట్ట ఏపించుకుంటా పోయినాడు. అట్ట మింద అట్ట, అట్ట మింద అట్ట. నడిస్తే టక్కుటక్కుమని ఎనుములు బెదిరేటివి. కడాకు సుంకమ్మకి సమానమైనాక పెద్దోళ్ళని పంపిచ్చె, ఆడపిల్లోళ్ళు సరేననిరి.

పెండ్లినాడు వీడి బండి పోయి పందిరి ముందర నిలిచె. అప్పటిదాకా ఈ తలకాయకి తట్టలేదు చూడు, పందిట్లోకి చెప్పులిడిసి పోవాలని! దిగు నాయనా అంటే కాలు తిమ్మిరంటాడు, ఎండ తగ్గనీ అంటాడు. అయ్యవారేమో ముహూర్తం పోతాందని మొత్తుకుంటాండాడు. పిల్లోడికి ఇష్టం లేదేమోనని ఆడపిల్లోళ్ళ ముఖాలు వాడిపాయ. వీడి భయమేమో, చెప్పులిప్పితే పెండ్లే నిలిచిపోతాదని.

అప్పుడు సుంకమ్మే లేసి, నొసట బాసికంతోనే బండి కాడికొచ్చె. మెల్లగా అన్నాదంట, "మొదటి సంతలో నువ్వు నా భుజం కాడికే ఉంటివి. మిరపకాయ కొరికి, కండ్లల్లో నీళ్ళు కారతాంటే గూడా బాగుండాయంటివి. ఆ పొద్దే మా అమ్మకి చెప్పినా, చేసుకుంటే ఈయప్పనే అని. ఆ పైన నువ్వు సంత సంతకీ పెరుగుతాంటే నవ్వాపుకోలేక చస్తి. ఇంగ దిగు."

వీడు ఆ చెప్పులు బండిలోనే ఇడిసి దుమికినాడు. తాళి కట్టేటప్పుడు ఆ పిల్లే తల వంచె. పందిరంతా నవ్వితే, వాళ్ళందరికంటే ఎక్కువ ఓబులేసే నవ్వినాడంట.

ఇప్పుడు మిరపకాయల గంప ఆమె నెత్తికెత్తాలంటే ఆమె కూచుంటాది, ఈయన ఎత్తుతాడు. అంతే, సంసారం జరిగిపోతాంది. కత అయిపాయ, ఇంగ లేయండి. బయట చీకటి, ఎవురి చెప్పులు వాళ్ళు చూసుకోని తొడుక్కోండి.