ఉమ్మేసిన కాఫీ

ఏంటీ, మన ఎన్విగాదో ఊళ్ళో మంచి కాఫీ ఎక్కడ దొరుకుతుందని నన్నా అడుగుతున్నావు? అడగాల్సిందేలే, ముప్పై ఏళ్ళు కాఫీ కొట్టు నడిపినవాణ్ణి, నన్ను కాక ఇంకెవర్ని అడుగుతావు. కూర్చో మారియోరీ. ఆ కాగితం కప్పు అక్కడ పెట్టు, తాగుతాలే, ఏం తొందర. మూలమీద కొత్త కొట్టుదేనా? చూశాను వాళ్ళని. గడ్డాలు దువ్వుకున్న కుర్రాళ్ళు, ఒంటికి తోలు కట్టుకుని, కాఫీ కాచడానికా గుర్రాలకి నాడాలు కొట్టడానికా తెలీదు. గింజల్ని కంసాలి త్రాసులో పెట్టినట్టు తూచడం, నీళ్ళు పసిపిల్లకి ఉగ్గు పోసినట్టు పొయ్యడం. మొన్న మీ అమ్మ వెళ్ళి కాస్త బెల్లం వెయ్యమందట. చర్చిలో చుట్ట ముట్టించినట్టు చూశాడట ఆ అబ్బాయి. "అమ్మా, దీంట్లో మల్లెపూల వాసనుంది, కమలాపండు పులుపుంది, బెల్లం వేస్తే అవన్నీ చచ్చిపోతాయి." "చావనీ నాయనా, నేను కాఫీకొచ్చాను, పూలదండకి రాలేదు." అదీ, మా వీధి పిల్లంటే.

నువ్వేమో ఆ ఫోన్లో ఏ కొట్టుకి ఎన్ని నక్షత్రాలో రాస్తావు. రాయి తల్లీ, రాయి. మా రోజుల్లో నక్షత్రాల్లేవు, గిల్దార్దో ఒక్కడే ఉండేవాడు. ఆయన మింగితే మంచి కాఫీ, ఉమ్మితే కాదు. అంతే. ఏ గిల్దార్దో అంటావా? నీకెలా తెలుస్తాడులే, నువ్వు పుట్టకముందే పోయాడు. పొడుగ్గా, ఎండు మొక్కజొన్న కాడలా ఉండేవాడు. ఎప్పుడూ తెల్ల చొక్కా, జేబులో పెన్ను కాదు, వెండి చెంచా. ఏటవతల కాఫీ మిల్లుండేది, ఇప్పుడేదో అద్దాలమేడ కట్టారు చూడు, అక్కడ. మొన్నామధ్య చెప్పులు కొనడానికి ఆ మేడలోకి నన్ను తీసుకెళ్ళాడు మా అల్లుడు, ఎక్కే పనే లేదు, మెట్లే కదులుతున్నాయి, సరే అది వేరే కథ. ఆ మిల్లులో రుచి చూసే ఉద్యోగం గిల్దార్దో గారిది. మంచి గింజంతా గోతాలకెక్కి ఓడెక్కేది. పురుగు కొట్టింది, నల్లబడింది, విరిగింది, ఆ తాలంతా మనకి. కొండల నిండా కాఫీ తోటలు పెట్టుకుని తాలు మరగబెట్టుకు తాగాం, పైగా లోకంలో మన కాఫీని మించింది లేదని రొమ్ము విరుచుకున్నాం. లేదు మరి. మనం తాగితేగా!

ఆయన పొద్దున్నించి సాయంత్రం దాకా వరసగా కప్పులు పెట్టుకుని, చెంచాతో తీసి జుర్రున పీల్చడం, నోట్లో తిప్పడం, ఉమ్మెయ్యడం. రోజుకి రెండు వందల కప్పులు. మింగితే గుండె గుర్రమై పరిగెత్తదూ? అందుకని ఉమ్మాల్సిందే, అది ఉద్యోగ ధర్మం. బానే ఉంది, అక్కడ ఉమ్ముకో, ఎవడొద్దన్నాడు? సాయంత్రం మా పేటకొచ్చి కూడా అదే పని. కొట్టులోకి దర్జాగా వచ్చేవాడు, అందరికీ పేరుపేరునా నమస్కారం పెట్టేవాడు, ఒక కప్పు చెప్పేవాడు, చెంచా తీసేవాడు. జుర్ర్ర్. బిలియర్డ్స్ ఆడేవాళ్ళు కూడా కర్రలు దించేవాళ్ళు. తర్వాత లేచి గుమ్మందాకా వెళ్ళి, మా ఆవిడ పెంచుకున్న పూలకుండీలో, తుపుక్. తిరిగొచ్చి, "ఆర్సేసియో గారూ, మన్నించాలి, ఇది పొద్దుటి కాఫీ." పొద్దుటిదే! ఇత్తడి బాయిలర్లో పొద్దున పోసింది సాయంత్రానికి చిక్కబడుతుంది, అందుకే జనం సాయంత్రం వచ్చేవాళ్ళు! ఆ ముక్క ఆయనకెవడు చెప్తాడు. కానీ ఆ కుండీలో మొక్క మాత్రం... ఈ వీధిలో అలాంటి పూలు ఎవరింట్లోనూ పూయలేదు, ఉన్నమాట చెప్పుకోవాలి.

అయితే ఎదురుగా రుబియేలా కొట్టుండేది. మొగుడు పోయాక అరెపాలు, అవే మొక్కజొన్న రొట్టెలు, కాల్చుకుంటూ పక్కనే కాఫీ పెట్టింది. అక్కడికెళ్ళి ఈ మహానుభావుడు మింగేవాడు. అవును, మింగేవాడు! కప్పు చివరి చుక్క దాకా! అది ఊరంతా చూసింది. ఇంకేముంది, గొర్రెల మంద. "గిల్దార్దో మింగాడంట, రుబియేలా దగ్గర మంచి సరుకుందంట." నిన్నటిదాకా నా బల్లమీద మోచేతులు ఆనించుకుని నా చెవి కొరికిన వాళ్ళు, వీధి దాటి అటెళ్ళి, అక్కణ్ణించి నాకే చెయ్యి ఊపేవాళ్ళు. ఆ ఏడు కొట్టు మూసేద్దామనుకున్నాను. మా ఆవిడైతే, "నీ కాఫీ ఎలా ఉందో పెళ్ళైన మర్నాడే చెప్పాను, విన్నావా?" అంది. ఇంటివాళ్ళంటే ఇలాగే ధైర్యం చెప్పాలి.

నాకు పంతం పట్టింది. ఆయన చేత మింగించాలి, అదీ నా కొట్లో, అందరూ చూస్తుండగా. మా మేనమామ కొడుకు ఆ మిల్లులోనే గోతాలు కుట్టేవాడు. కాళ్ళా వేళ్ళా పడితే, ఓడెక్కే గింజలు, నిఖార్సైనవి, అన్నం క్యారేజీలో దాచి రెండు వారాలు మోసుకొచ్చాడు. నేనే వేయించాను, ఇల్లంతా ఎలాంటి వాసనంటే, మా అమ్మ మంచంలోంచి లేచి "చుట్టాలొచ్చారా?" అంది. ఆదివారం చర్చిలో పూజ అవగానే బాయిలర్ కడిగి, తాజాగా కాచి, ఊరందరికీ పోశాను. మాంసం కొట్టు ఓవీదియో ఒక గుక్క తాగి కప్పులోకి చూశాడు. "ఆర్సేసియో, ఇదేంటి, కడుగునీళ్ళా? పుల్లగా ఉంది." ఇంకొకడు, "పూలవాసనేంటయ్యా, కప్పులు సబ్బుతో కడిగి వదిలేశావా?" అన్నాడు. బెల్లం వెయ్యమన్నారు, వేశాను, ఇంకా అధ్వాన్నంగా ఉందన్నారు. గాడిదలకేం తెలుసు గంధం వాసన అనుకున్నాను. అనుకోవడం కాదు, పైకే అన్నాను. వాళ్ళూ ఊరుకోలేదు, లేచి ఎదురుకొట్టుకి పోయారు.

పోతే పోయారు, గిల్దార్దో గారొచ్చారు, నాకదే చాలు. కప్పు పెట్టాను. చెంచా తీశాడు. జుర్ర్ర్. తల్లీ, ఆయన మొహం మారిపోయింది. కళ్ళు మూసుకున్నాడు. నేను మరియమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుంటున్నాను. అంతలో లేచి, గుమ్మందాకా వెళ్ళి, కుండీలో తుపుక్! నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏమయ్యా, ఓడెక్కే సరుకయ్యా అది, ఉద్యోగం పణంగా పెట్టి మావాడు తెచ్చాడు, అదీ ఉమ్మేస్తావా? నీకు తల్లీ తండ్రీ నేర్పలేదా?" అని అరిచాను. ఆయన అక్కడే నిలబడి కుండీకేసి చూస్తున్నాడు, తనే బిత్తరపోయినట్టు. "ఆర్సేసియో గారూ, ఇది అదే. మొదటి రకం. అందుకే..." అన్నాడు. "అందుకే?" "ఇరవై రెండేళ్ళుగా ఈ రుచి తగలగానే ఉమ్మేశాను. నోరు నన్నడగలేదు." మరి రుబియేలా దగ్గర ఎలా మింగుతావయ్యా అంటే, నవ్వాడు. "ఆవిడ దాంట్లో కాఫీ ఎక్కడుంది? అంతా మాడ్చిన మొక్కజొన్న, బెల్లం. అక్కడ ఉద్యోగం గుర్తుకురాదు." చూశావా! ఊరంతా మంచి కాఫీ అని ఎగబడింది దేనికోసం? కాఫీ లేనందుకు! నీ నక్షత్రాలు కూడా ఇంతే, రాసుకో.

మర్నాటి నించి నేనూ మళ్ళీ తాలే కాచాను. మొక్కజొన్న కూడా కాస్త కలిపాను, దాచుకోవడం దేనికి. జనం తిరిగొచ్చారు. ఆయనా మింగడం మొదలెట్టాడు.

ఏడెనిమిదేళ్ళ తర్వాత మిల్లు రేవుదగ్గరికి తరలిపోయింది, గోతాలు కుట్టే మావాడూ దాంతోపాటే వెళ్ళిపోయాడు. గిల్దార్దో గారికి గొంతులో జబ్బు. చూడ్డానికెళ్తే, గొంతు పెగలక, చెవి దగ్గరికి రమ్మన్నాడు. "ఆ ఆదివారం కాఫీ ఒక్కసారి తేగలరా? ముప్పై ఏళ్ళు నోటిదాకా వచ్చింది. ఒక్క కప్పన్నా లోపలికి పోలేదు." నేను తిరిగాను తల్లీ. నిజంగా తిరిగాను. మెదెయీన్ పట్నంలో కొట్టుకొట్టుకీ వెళ్ళి అడిగాను, "మొదటి రకమా? విదేశాల్లో అడగండి" అని నవ్వారు. మూడోరోజు ఇంటికొచ్చి మా కొట్టు కాఫీయే ఫ్లాస్కులో పోసి పట్టుకెళ్ళాను. "ఇదిగో, అదే" అన్నాను, కళ్ళలోకి చూసి మరీ. ఆయన చెంచా అడగలేదు. రెండు చేతుల్తో కప్పు పట్టుకుని, మెల్లిగా, మొత్తం తాగాడు. "ఇదేనండీ. ఇదే" అన్నాడు. ఎవరి కాఫీ గురించీ ఒక్క అబద్ధం ఆడి ఎరగడు ఆ మనిషి. నాలిక చచ్చిపోయిందో, నా కోసమే అన్నాడో, ఇప్పటికీ తెలీదు. ఆ వారంలోనే పోయాడు.

ఏది, ఆ కప్పిటివ్వు. చల్లారిపోయిందా? పోనీలే.

...

మారియోరీ. ఇదే. ఆదివారం నేను కాచింది ఇదే, ఈ పులుపే. మన పేటలో, ఆ మూలమీద, ఎవడుపడితే వాడు కొనుక్కుని నడుస్తూ తాగేస్తున్నాడా దీన్ని? అయ్యో గిల్దార్దో గారూ.

ఉండు, వెళ్ళకు. ఇంకోటి పట్రా. గట్టిగా మూత పెట్టమను, శ్మశానం దాకా కొండెక్కాలి, ఒలికిపోకూడదు. బెల్లం వద్దని చెప్పు.