చీమలు పట్టిన స్విచ్చులు

(కార్ల లోపలి భాగాలు బాగుచేసే చిన్న షెడ్డు. మంగళవారం మధ్యాహ్నం. మేస్త్రి, రిటైరైన లెక్కల టీచరు.)

“మళ్ళీ బంకయిందంటే నన్ను నమ్మమంటారా టీచరమ్మా?”

“నమ్మకపోతే ముట్టుకుని చూడండి మేస్త్రీ. నా వేలు అతుక్కుపోతోంది.”

“అతుక్కుంటోంది, కాదనను. కానీ ఇది తలుపుమీది అద్దాల స్విచ్చుల పలకే కదా? వానలకి ముందు నేనే చేసిచ్చాను.”

“మీరే చేశారు. అందుకే మీ దగ్గరికే తెచ్చాను.”

“అదే నాకు అంతుపట్టడం లేదు. కారు కొత్తలో వీటిమీద మెత్తటి రబ్బరు పూత వేస్తారు. ఇరవయ్యేళ్ళకి అది కరిగి బంకవుతుంది. ఆ పూత మొత్తం స్పిరిట్ పెట్టి తుడిచేశాను. కింద వట్టి ప్లాస్టిక్కే మిగిలింది. పైన నల్లరంగు కొట్టాను. ఇక బంకవడానికి అక్కడ ఏముందని?”

“ఎండకి అయ్యుంటుంది. స్పోర్ట్స్ కారు కదా, పైకప్పు తీసి తిప్పుతాను.”

“ఎక్కడికి తిప్పారు?”

“ఎక్కడికంటే... ఇక్కడికే.”

“ఇంకెక్కడికీ వెళ్ళలేదా?”

“ఉన్నవి రెండే సీట్లు. రెండో సీట్లో నా చేతిసంచీ కూర్చుంటుంది. దానికి ఊళ్ళు చూడాలని ఏం సరదా? మీరు పని చూడండి మేస్త్రీ.”

“చూస్తున్నా. ఇదుగో, స్పిరిట్ పెట్టి రుద్దుతున్నా. కదలడం లేదు.”

“గట్టిగా రుద్దండి.”

“గట్టిగా రుద్దితే స్విచ్చులమీద బొమ్మలు చెరిగిపోతాయి. ఉండండి, ఆ నీళ్ళ మగ్గు ఇలా ఇవ్వండి.”

“నీళ్ళెందుకు? రబ్బరు బంక నీళ్ళకి పోదని మీరే చెప్పారు.”

“పోదు. ఇది పోతోంది చూడండి. తడిగుడ్డ తగిలీ తగలగానే పోతోంది.”

“మంచిదేగా. పని తొందరగా అయిపోయింది.”

“టీచరమ్మా.”

“ఏంటి?”

“ఈ స్విచ్చు సందులో ఉన్నదేంటి?”

“నా దగ్గర కళ్ళజోడు లేదు.”

“మెడలో వేలాడుతోంది.”

“దుమ్మేమో.”

“చీమ. ఒకటి కాదు, మూడు. ముప్పయ్యేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. రబ్బరుకి చీమలు పట్టడం ఇదే చూడ్డం.”

“మా ఇంటినిండా చీమలే మేస్త్రీ.”

“ఏం పూశారు?”

“చెప్పాగా, ఇంటినిండా...”

“ఏం పూశారని అడిగాను.”

“నన్ను క్లాసులో నిలబెట్టి అడిగినట్టు అడక్కండి. పంచదార పాకం.”

“పాకమా?”

“తీగపాకం పట్టి, బ్రష్షుతో రెండు పూతలు వేశాను. నిన్నంతా ఆరబెట్టాను. నవ్వాలనుంటే నవ్వండి.”

“నవ్వడం లేదు. ఎందుకని అడుగుతున్నా.”

“పోయిన మంగళవారం మీరు ఆ చివరి ముక్క, గాలొచ్చే జాలీ, బిగించేసి ‘ఇక అన్నీ అయిపోయాయమ్మా’ అన్నారు. సరేనని ఇంటికెళ్ళాను. కారంతా తడిమి చూశాను, ఎక్కడా బంక లేదు. ఏడుపొచ్చింది.”

“కారు బాగైతే ఏడుపేంటి?”

“మంగళవారం పోయింది కదా మేస్త్రీ. రిటైరయ్యాక నా గొంతు నాకు వినబడేది ఇక్కడికొస్తేనే. మిగతా రోజుల్లో కూరగాయలవాడితో ‘అరకిలో’ అంటాను, అంతే. పద్దెనిమిది వారాలు మీరు గుడ్డ పట్టుకుని రుద్దుతుంటే నేను ఈ స్టూలుమీద కూర్చుని వాగాను. ఒక్కసారీ విసుక్కోలేదు మీరు. ఇంకో వారం కావాలనిపించింది. పనేమీ లేకుండా ఏ మొహం పెట్టుకుని రాను?”

“అందుకని స్విచ్చులకి పాకం పూశారా!”

“ముప్పయ్యారేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, దొంగలెక్క చేసి పట్టుబడ్డాను. ఆ పలక ఇచ్చేయండి, వెళ్తాను.”

“కూర్చోండి.”

“వద్దులెండి. మీకు పనులుంటాయి.”

“ఏం పనులు? షెడ్డులో ఇంకో కారు కనబడుతోందా?”

“మరి వారానికి ఒక్క ముక్కే చేస్తానన్నారుగా, తీరిక లేదేమో అనుకున్నా. రంగు ఆరడానికి వారం పడుతుంది, ఒకటి ఆరితేగానీ ఇంకోటి ఊడదీయను అని కూడా అన్నారు.”

“అన్నాను.”

“అందుకేగా పద్దెనిమిది ముక్కలకి పద్దెనిమిది వారాలు పట్టింది.”

“ఆ రంగు ఆరడానికి గంట చాలు టీచరమ్మా.”