మొద్దుబారిన వేళ్లు

"మస్తాన్ గారూ, రేపు ఏలూరు వెళ్లాలి. ఈ రేడియేటరు పైపులు ఒక్కసారి నొక్కి చూసి చెప్పరా?"

అబ్బే, నేను ముట్టుకోను బాబూ. ఏమనుకోకండి. బానెట్ వేసేసి ఇలా వచ్చి కూర్చోండి. పని మానేసి రెండేళ్లయింది... కాదు కాదు, మొన్న రంజానుకి మూడు. అయినా మన గూడెంలో అందరూ ఇదే అడుగుతారు. నేను చూడ్డమంతా వేళ్లతోనే కదండీ మరి. పైపు పైకి నల్లగా బాగానే కనపడుతుంది, లోపల కుళ్లిపోయుంటుంది. రెండు వేళ్లతో నొక్కితే తెలిసిపోయేది నాకు. మెత్తగా తగిలిందంటే కోసి పారేసి కొత్తది వేసేసేవాణ్ణి, క్లిప్పులతో సహా. మా మావ నేర్పేడు, తణుకులో చెరుకు లారీలు బాగుచేసేవాడు. మహా కోపిష్టి. తప్పు చెప్తే స్పానరుతో వేళ్లమీద కొట్టేవాడు. సరే, ఆయన సంగతి ఇప్పుడెందుకు.

సుబ్బారావు గారని, కిరాణా కొట్టు శెట్టిగారు. ముప్పై ఏళ్లు ఆయన కార్లన్నీ నేనే చేసేను. ఓ మధ్యాహ్నం ఆయనా, అమ్మగారూ కంగారుగా వచ్చేరు. అమ్మగారి తమ్ముడు ఏలూరు ఆసుపత్రిలో ఉన్నాడు, ఇవాళో రేపో అన్నట్టు. "మస్తానూ, ఓసారి చూడు, బయల్దేరిపోతాం" అన్నారు. పైపులు నొక్కేను. బాగున్నాయండి, వెళ్లి రండి అన్నాను.

బాగున్నాయో లేదో నాకు తెలీలేదు బాబూ. అదే నిజం. అప్పటికే షుగరొచ్చి వేళ్లు మొద్దుబారిపోయేయి. చొక్కా గుండీలు మా ఆవిడ పెట్టేది. ఎవరికీ చెప్పలేదు. సిగ్గండీ. వేళ్లు పోయేయంటే ఇంక మస్తాన్ దగ్గరేముంది చెప్పండి?

పుళ్ల దాటేసరికి టెంపరేచరు ముల్లు ఎర్రగీత మీదకి వచ్చేసిందంట. అమ్మగారు చూసి, "ఆపండి, నీళ్లు పోద్దాం" అన్నారంట. ఈయనేమో, "మస్తాన్ ఇప్పుడే కదా చూసేడు, మీటరే చెడిపోయుంటుంది" అన్నారంట. విన్నారా? మీటర్ని కాదని నన్ను నమ్మేరండీ ఆ మహానుభావుడు. కింద పైపు చీలి, నీళ్లన్నీ పోయి, గుండుగొలను దగ్గర ఇంజను పట్టేసి బండి ఆగిపోయింది. ఎండలో నిలబడి, ఆటో పట్టుకుని, వాళ్లు ఏలూరు చేరేసరికి ఆ తమ్ముడు పోయేడు. గంట ముందే. అక్క వచ్చిందా, అక్క వచ్చిందా అని అడుగుతూనే ఉన్నాడంటండీ.

కర్మకాండలయ్యేక వెళ్లేను. వేళ్ల సంగతి చెప్పేసేను. సుబ్బారావు గారు కుర్చీ లాగి కూర్చోమన్నారు. తిడితే బాగుణ్ణు అనిపించింది. అమ్మగారు టీ తెచ్చి చేతికిచ్చేరు. అలా పట్టుకునే కూర్చున్నాను. ఆ గ్లాసు చెయ్యి కాలిపోయేంత వేడిగా ఉందంట, నాకేం తెలుస్తుంది? ఆవిడే గబుక్కున లాగి కింద పెట్టేసి, నా చేతుల వంక చూసేరు. "ఈ మాట ఆ రోజే చెప్పుంటే నేను బస్సెక్కి వెళ్లేదాన్ని కదా, మస్తానూ" అన్నారు.

అంతేనండి. మళ్లీ షెడ్డు తియ్యలేదు.

మీరు రేపు బయల్దేరే ముందు పైపులన్నీ కొత్తవి వేయించుకోండి, బాగున్నవి కూడా. దారిలో ముల్లు లేస్తే బండి ఆపెయ్యండి, పర్లేదని ఎవరు చెప్పినా వినకండి. నేను చెప్పినా సరే. క్షేమంగా వెళ్లి రండి బాబూ... చల్లగా ఉండండి...