చప్పిడి బువ్వ తీపి

సిరిసిల్లలో జన్మంతా మరమగ్గం సాంచెలు నడిపి, ఇప్పుడు దవడ క్యాన్సర్ పుండుకు పట్నంలో రేడియేషన్ కరెంటు పెట్టించుకొని వచ్చిన సాంబయ్య ముందు, భార్య శంకరవ్వ కూర లేని బువ్వ గిన్నె పెట్టి కూర్చున్నది.

“నా ఉమ్మి అంటే మామూలు ఉమ్మి అనుకున్నవా? సాంచె మీద తెగిన పోగులన్ని గా ఉమ్మితోనే అతికిన. నేనతికిన దారం పరిస్తే గోదారి దాటి, చెన్నూరు దాక పోయి, ఇంక మిగులుతది.”

“ముచ్చట్లు తర్వాత. ముందుగాల నములు.”

“నములుతనే ఉన్న గదనే. ఆకలైతే ఇంకింత జోరుగ నములుదును. నాకు ఆకలే లేకపాయె.”

“మింగకు. డాక్టరమ్మ ఏం చెప్పింది? ఉమ్మిల ఒక రసముంటదట. ఎంజైమట. బువ్వల ఉన్న పిండిని గది చక్కెర జేస్తదట. అరుగుడు నోట్లెనే షురువైతదట.”

“అరె, నోట్లె చక్కెర ఫ్యాక్టరీ పెట్టుకొని జిందగంత చాయ్‌ల చక్కెర కొని పోసుకున్ననా?”

“నవ్వకు. కరెంటుకు ఉమ్మి ఊట ఎండిపోతదన్నది. చప్పిడి బువ్వ నమలంగ నమలంగ తియ్యగైతే ఊట మల్ల వచ్చినట్టు. కాకుంటే రేపు బువ్వకు ముక్కుల పైపు. బిడ్డ నవత ఫోన్ జేసి అడుగుతది. ఏం చెప్పాలె?”

“తియ్యగున్నదని చెప్పు.”

“నిజంగనా?”

“బెల్లం పాకం లెక్క. మొదాల చప్పగుండె, నమిలినకొద్ది… జర తలుపు పెట్టు, చీమలొస్తయి.”

“మరి చెంబుల నీళ్లు ఏమైనయి?”

“ఎండకాలం. ఆవిరైనయి.”

“నవత బాపూ.”

“జర… జర తాగిన.”

“ముద్ద ముద్దకు తాగినవు. నేను చూడలే అనుకున్నవా? ఎంత చిక్కినవో అద్దంల చూసుకున్నవా?”

“అద్దం పాతది. అందర్ని సన్నగనే చూపెడతది.”

“గీ పోగు పట్టు. నడుమల తెంపిన. అతుకు.”

“గిప్పుడెందుకే?”

“లగ్గమైన కొత్తల నాకు నేర్పింది నువ్వే గద. రెండు కొసలు ఉమ్మితోని తడిపి, వేళ్ల నడుమ నులిమితే ముడితోని పనే లేదంటివి. నులుము. ఆఁ, చెంబు ఇటియ్యి.”

“వేళ్లు వణుకుతున్నయే.”

“వేళ్లు మంచిగనే ఉన్నయి. నాలుక మీద పెట్టిన కొస పొడిగనే వచ్చింది. చూడు.”

“పోగు మంచిది కాదు. పాలిస్టర్.”

“సాంచెల కాడ అంబరు పొగాకు నమిలినప్పుడు ఎన్నడన్న మంచిది కాదన్నవా? చెప్తే ఇన్నవా?”

“అది నమలకుంట నిద్రొస్తే సాంచెల సేటు ఊకుంటుండెనా?”

“సేటు దవడ మంచిగనే ఉన్నది.”

“…ఉన్నది.”

“గదిగో ఫోన్, నవతనే. ఏం చెప్పాలె?”

“చెన్నూరు దాక అన్నది జర ఎక్కువైంది. మన గల్లీ చివరి దాక అనుకో.”

“అది అడుగుతలేను.”

“పైపు పెట్టుమను. తీపి నేను కల్పించిందే, ఇసుక నమిలినట్టున్నది. ఆకలి లేదని రోజు చెప్పుడు గూడ అబద్ధమే.”