లిఫ్టు నెత్తి మీద

పాత మేడలో, రెండంతస్తుల మధ్య ఆగిన లిఫ్టు పెట్టె నెత్తి మీద, చీకట్లో, లిఫ్టు మెకానిక్కూ ఆమె చెల్లెలూ.

“ఊపిరి పీల్చకే!”

“పీల్చకపోతే చస్తానక్కా.”

“పీలిస్తే ఇద్దరం చస్తాం. మన కాళ్ల కింద, లిఫ్టులోనే ఉన్నారు ముగ్గురూ. ఎంతెంత ఉన్నారో సందులోంచి చూశావుగా?”

“చూశాను. నా గుండె చప్పుడు వాళ్లకి వినపడుతుందేమో.”

“వినపడుతుంది. మెల్లగా కొట్టుకోమను.”

“జోకులా? భోజనం క్యారేజీ తెచ్చిన పాపానికి నన్ను తెచ్చి ఇక్కడ పడేశావు. ఏం చూశావో ఇప్పుడైనా నిజం చెప్పు.”

“చెప్పాగా! ఈ మేడ ఓనరు వాచ్‌మన్ తాతని మెట్ల మీంచి తోసేశాడు. నేను చూశాను. నేను చూడ్డం ఆయన చూశాడు.”

“ఒట్టు?”

“నీ మీదొట్టు.”

“నా మీద ఇప్పటికి లక్ష ఒట్లు వేశావు. బతికున్నానంటే నాది మొండి ప్రాణం.”

“ఈసారి నిజమేనే. తాత కదల్లేదు. కళ్లు మాత్రం... తెరిచే ఉన్నాయి.”

“అక్కా, నీ చెయ్యి నా భుజం నొక్కేస్తోంది.”

“నాది కాదు, నీది.”

“నాది నా ఒళ్లో ఉంది.”

“నోర్ముయ్. పోలీసులకి ఫోన్ చేశాను. వచ్చేస్తుంటారు.”

“ఏమని చెప్పావ్?”

“ఓనరూ, రౌడీలూ తరుముతున్నారని.”

“ఎంతమంది రౌడీలు?”

“నలభై.”

“నలభయ్యా! అప్పటికి ఓనరొక్కడేగా తరిమింది!”

“ఒక్కడంటే తీరిగ్గా టీ తాగి వస్తారే. నలభై అంటే పరిగెత్తుకొస్తారని... ఫిరంగి కూడా ఉందన్నాను.”

“ఫిరంగా! ఇంత మేడ పైకా?”

“లిఫ్టులో తెచ్చారన్నాను.”

“దేవుడా. మరి కింద ఈ ముగ్గురూ?”

“ఓనరు మనుషులే. లేకపోతే అలా పిల్లుల్లా వచ్చి లిఫ్టెక్కుతారా? అందుకే పైనుంచి స్టాప్ నొక్కేశా. ఇక లోపల వాళ్లు ఏ బటన్ నొక్కినా కదలదు.”

“పొరపాటున మళ్లీ ఆన్ అయితేనో?”

“అవదు. వైరు కూడా కోసేశా.”

“ఎందుకూ?”

“ఊపులో.”

“పైనెవరు? పైనెవరమ్మా?”

“అయిపోయాం! వినేశారక్కా!”

“ష్!”

“లిఫ్టు లోపల్నుంచి మాట్లాడుతున్నాం. ఫోన్ చేసింది నువ్వేనా? మేం పోలీసులం.”

“నమ్మకే. రౌడీలందరూ ఇలాగే అంటారు.”

“నీకెంతమంది రౌడీలు తెలుసు?”

“ఉండు... ఏమండోయ్! పోలీసులైతే యూనిఫాం ఏదీ?”

“మఫ్టీలో రమ్మన్నది నువ్వే కదమ్మా! సైరన్ వినపడితే ఫిరంగి పేలుస్తారన్నావు!”

“అక్కా.”

“ఊఁ.”

“ఫిరంగి మాట వాళ్లకి తప్ప ఇంకెవరికీ చెప్పలేదుగా?”

“లేదు.”

“అంటే నువ్వు బంధించింది...”

“తెలిసింది లేవే!”

“అమ్మా, ముందు లిఫ్టు కదిలించు!”

“కదలదు సార్. వైరు తెగింది.”

“దానంతట అదే తెగిందా?”

“అదే తెగింది సార్.”

“సరే, పైన మూత ఉందిగా? అది తెరువు!”

“తుప్పు పట్టేసింది సార్. బాగుచేసినట్టు పోయిన నెలే సంతకం పెట్టాను.”

“బాగుచేశావా?”

“సంతకం పెట్టాను సార్.”

“అక్కా, నాకు భయమేస్తోంది. నిజంగా భయమేస్తోంది.”

“ఏడవకే, నా తల్లివి కదూ. పళ్లతో పీకైనా తెరుస్తాను. స్క్రూడ్రైవరివ్వు. చీకట్లో ఏదీ... ఆఁ, కనిపిస్తోంది. ఇప్పుడు బాగా కనిపిస్తోంది.”

“మనం లైటు వెయ్యలేదక్కా.”

“మరి?”

“పైన... పై అంతస్తు తలుపు తెరుచుకుంటోంది.”

“తెరుచుకోదే. లిఫ్టు లేనప్పుడు ఆ తలుపు తియ్యాలంటే వేరే తాళంచెవి కావాలి. అది మెకానిక్కు దగ్గరే ఉంటుంది.”

“నీదేదీ?”

“నాది... ఉండు, జేబులో... ఇందాక ఆ తలుపులోంచి మనం దిగినప్పుడు...”

“తలుపుకే వదిలేశావమ్మా. నా మేడ కాబట్టి సరిపోయింది, ఇంకోచోటైతే ఎవడో ఎత్తుకుపోయేవాడు. చెయ్యందించు. ముందు నీ చెల్లెల్నివ్వు.”